అమలు చేయగలిగిన జోకు

2001 ఏప్రిల్ 28న నార్వేలోని బెర్గెన్ లినక్స్ వాడుకరుల బృందం 9 పింగ్ ప్యాకెట్లు పంపింది. అవతలి యంత్రం పలుకుతుందా అని అడిగే చిన్న డేటా పొట్లాలవి. నాలుగింటికే జవాబొచ్చింది. నష్టం 55 శాతం. అన్నిటికంటే వేగంగా వచ్చిన జవాబుకి 3,211 సెకన్లు పట్టింది, అంటే యాభై మూడు నిమిషాల పైచిలుకు. బాగా ఆలస్యమైన దానికి 6,388 సెకన్లు, గంటా నలభై ఆరు నిమిషాలు. తీగ తెగిందేమో అనుకోనక్కర్లేదు, అసలు తీగే లేదు. ప్యాకెట్లని మోసింది పావురాలు.

వాళ్ళు అమలు చేసింది ఆర్‌ఎఫ్‌సీ 1149ని. ఇంటర్నెట్ ఏ నియమాల మీద నడుస్తుందో వాటిలో చాలావరకు ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాల్లో రాసి ఉంటాయి. 1969 ఏప్రిల్‌లో మొదలైన వరస అది, ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. ఆ వరసలోనే 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వైట్జ్‌మన్ రాసిన రెండు పేజీల పత్రం 1149. పక్షుల మీద ఐపీ (ఇంటర్నెట్ ప్రోటోకాల్) ప్యాకెట్లు ఎలా పంపాలో అందులో ఉంది. ప్యాకెట్టుని పదహారు అంకెల లెక్కలో, అంటే హెక్సాడెసిమల్‌లో, చిన్న కాగితం చుట్ట మీద అచ్చువేయాలి. చుట్టని పక్షి కాలికి చుట్టి, అంచులు డక్ట్ టేపుతో అంటించాలి. బ్యాండ్‌విడ్త్ కాలి పొడవుని మించకూడదు. ఒకసారి మోయగల గరిష్ఠ పరిమాణం సాధారణంగా 256 మిల్లీగ్రాములు. బైట్లలో చెప్పాల్సింది మిల్లీగ్రాముల్లో చెప్పడమే అక్కడి చమత్కారం. అవతలి గట్టున టేపు విప్పి, కాగితాన్ని స్కాన్ చేసి మళ్ళీ ప్యాకెట్టుగా మార్చాలి.

ఈ కథ చెప్పుకుని నవ్వుకోవడం మామూలే. నాకు మాత్రం నవ్వు కంటే దాని వెనక సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. పదకొండేళ్ళ తర్వాత, మరో దేశంలో, మరెవరో మనుషులు ఆ కాగితం చదివి అందులో ఉన్నది కట్టి నడిపించారు. నడిచింది కూడా. ఒక స్టాండర్డ్ నిజంగా ఓపెనేనా అని తేల్చడానికి ఇంతకంటే గట్టి పరీక్ష కనిపించదు నాకు. దాని మీద జోకు వేయండి, ఆ జోకుని బయటివాళ్ళు అమలు చేయగలరేమో చూడండి. చేయగలిగితే స్టాండర్డ్ తలుపులు తెరిచే ఉన్నాయి. చేయలేకపోతే, లైసెన్సు మీద ఏ ముద్ర ఉన్నా, తలుపు వెనక ఎవరో గడియ పెట్టుకుని కూర్చున్నారని అర్థం.

పావురాల సంగతి ఇంకొంచెం తవ్వాలి, ఎందుకంటే గీకుల, అంటే కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళ, జోకు లోపల ఎంత ఇంజినీరింగ్ ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

బెర్గెన్‌వాళ్ళు పింగే ఎందుకు వాడారు, వెబ్ పేజీ ఎందుకు తెరవలేదు? వెబ్ పేజీ కావాలంటే ముందు టీసీపీ కరచాలనం, అంటే రెండు యంత్రాల మధ్య పలకరింపులు, పూర్తవాలి. 2010ల నాటి లినక్స్ మొదటి పలకరింపు పంపి ఒక సెకను ఆగేది. జవాబు లేకపోతే మళ్ళీ పంపి 2 సెకన్లు, తర్వాత 4, 8, 16, 32, 64. మామూలు సెట్టింగుల్లో ఇలా ఆరుసార్లు మళ్ళీ అడిగి, మొత్తం 127 సెకన్లకి ఆశ వదిలేసుకునేది. పావురానికి అప్పటికి కాలికి టేపైనా పూర్తిగా అంటి ఉండదు. పైగా ఆ ఆరు పునరావృతాలకీ ఆరు పావురాలు ఖర్చు. పింగ్‌కి ఈ గొడవ లేదు. ఎంతసేపైనా కూర్చుంటుంది, ఏ జవాబు ఏ ప్రశ్నదో వరస సంఖ్య చూసి పోల్చుకుంటుంది. మామూలుగా సెకనుకొకటి చొప్పున పంపే పింగ్‌ని వాళ్ళు 900 సెకన్లకొకటి పంపేలా పెట్టారు. పావుగంటకో ప్యాకెట్టు. మామూలు పింగ్ ప్యాకెట్టంటే 56 బైట్ల డేటా, 8 బైట్ల ఐసీఎమ్‌పీ హెడర్ (పింగ్ వివరాలు రాసే తలభాగం), 20 బైట్ల ఐపీ హెడర్, వెరసి 84 బైట్లు. హెక్సాడెసిమల్‌లో 168 అంకెలు. చిన్న చీటీకి సరిపోతుంది.

జవాబులు వచ్చిన వరస చూడండి: 0, 4, 2, 1. నాలుగో నంబరు ప్యాకెట్టు రెండో దాన్నీ ఒకటో దాన్నీ దాటేసింది. ఇది పొరపాటు కాదు. ప్యాకెట్లు పంపిన వరసలోనే చేరతాయని ఐపీ ఎక్కడా మాట ఇవ్వలేదు. అన్నీ చేరతాయనీ మాట ఇవ్వలేదు. క్లాసులో పదిసార్లు చెప్పినా తలకెక్కని ఈ రెండు ముక్కలూ పావురాన్ని తల్చుకుంటే ఒక్కసారికే ఎక్కుతాయి.

అసలు మజా టీటీఎల్‌లో ఉంది. ఐపీ హెడర్లో ప్యాకెట్టు ఆయుష్షు రాసే గడి అది, ఒక బైటు, గరిష్ఠంగా 255. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 791 దీన్ని సెకన్లలో లెక్కించాలంది. దారిలో ప్రతి రూటరూ ప్యాకెట్టు తన దగ్గర ఉన్నంతసేపు తీసివేయాలి, సెకను కంటే తక్కువసేపే ఉన్నా కనీసం ఒకటి తీసివేయాలి. అక్షరాలా పాటిస్తే ఏ ప్యాకెట్టూ 4 నిమిషాల 15 సెకన్లకి మించి బతకకూడదు. పావురం మీద గంటసేపు తిరిగిన ప్యాకెట్టు నియమం ప్రకారం శవం. కానీ బెర్గెన్ ఫలితాల్లో టీటీఎల్ 255 అనే ఉంది. మధ్యలో రూటరు లేదు, కాబట్టి ఎవరూ తగ్గించలేదు. ప్రపంచంలో ఎవరూ దాన్ని గడియారంలా వాడట్లేదని, ఎన్ని గెంతులు వేసిందో లెక్కపెట్టే పూసల్లా వాడుతున్నారని పావురాలు రుజువు చేశాయి. ఇది స్టాండర్డ్ రాసేవాళ్ళకీ తెలుసు. ఐపీ కొత్త కూర్పైన ఐపీవీ6కి 1995లో వచ్చిన తొలి పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1883, ఆ గడి పేరునే హాప్ లిమిట్ అని మార్చింది. పాత కూర్పు ఐపీవీ4ని అమలు చేసినవాటిలో ఆయుష్షు నియమాన్ని నిజంగా పాటించేవి దాదాపు లేవని కూడా నిజాయితీగా రాసుకుంది. రాసిన నియమానికీ నడుస్తున్న అలవాటుకీ మధ్య ఎంత సందు ఉందో చూపించడానికి జోకుని మించిన కొలబద్ద లేదు.

ఇప్పుడు దీని పక్కన ఒక గంభీరమైన పత్రాన్ని పెట్టి చూద్దాం. ఆఫీసు డాక్యుమెంట్ల కోసం ఎక్మా అనే ప్రమాణాల సంస్థ 2006 డిసెంబరులో ఆమోదించిన ఎక్మా 376. దాదాపు 6,000 పేజీలు. అందులో పాత డాక్యుమెంట్లతో పొసగడానికి కొన్ని సెట్టింగులున్నాయి. ఒకదాని పేరుకి తెలుగు చెబితే "వర్డ్ 95 లాగే ఖాళీలు వదులు". ఇంకొకటి "వర్డ్ 97 పద్ధతిలోనే వరసలు విరువు". మరి వర్డ్ 95 ఖాళీలు ఎలా వదిలేది? ఆ మొదటి కూర్పు ఇచ్చిన జవాబు సారాంశం: ఆ ప్రోగ్రాం ఏం చేసిందో చూసి మక్కికి మక్కి అదే చేయండి. ఏప్రిల్ 1 తేదీ వేసి ఉంటే గీకులు దీన్ని ఏటా తల్చుకుని నవ్వుకునేవాళ్ళు. తేదీ డిసెంబరు కాబట్టి తలపట్టుకున్నారు. 2008లో ఐఎస్ఓ 29500గా మారే క్రమంలో వీటిని వేరే భాగంలోకి నెట్టి, వివరణ చేర్చారు. అంతా అయిపోయాక చెప్పిన వివరణ అది. రెండు పేజీల జోకుని పావురాలు పెంచేవాళ్ళ సాయంతో నిలబెట్టగలిగారు. ఆరు వేల పేజీల గంభీర పత్రాన్ని నిలబెట్టాలంటే పాత ప్రోగ్రాంని పక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఓపెన్ అన్న మాట ఈ రెంటిలో దేనికి నప్పుతుంది?

ఆ ఫార్మాట్లో నాకు ఎప్పటికీ పాతబడని ముక్క ఇంకోటుంది: 1900 ఫిబ్రవరి 29. అలాంటి రోజు లేదు. వందతో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం. కానీ లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ 1900ని లీపు సంవత్సరంగా లెక్కేసింది. లోటస్ ఫైళ్ళు సరిగ్గా తెరుచుకోవాలని ఎక్సెల్ ఆ తప్పుని తెలిసి తెలిసి కొనసాగించింది. ఎక్సెల్ నుంచి అది స్టాండర్డ్‌లోకి పాకింది. అందుకే ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని కొట్టి తేదీగా మారిస్తే లేని రోజు కనిపిస్తుంది. లిబ్రెఆఫీస్ దీన్ని తప్పించుకున్న తీరు చూడముచ్చటగా ఉంటుంది. తన సున్నాని 1899 డిసెంబరు 30కి జరుపుకుంది. దాంతో 61 అన్నది రెండింటిలోనూ 1900 మార్చి 1, అక్కడినుంచి అన్ని తేదీలూ కలిసిపోతాయి. అంతకుముందువి మాత్రం ఒకరోజు తేడా వస్తాయి. 1 అన్నది ఎక్సెల్‌లో 1900 జనవరి 1, లిబ్రెఆఫీస్‌లో 1899 డిసెంబరు 31. పాత జనన మరణాల రిజిస్టర్లని స్ప్రెడ్‌షీట్లోకి ఎక్కించేవాళ్ళు ఆ తేదీలని తేదీలుగా కాక అక్షరాలుగా, సంవత్సరం-నెల-రోజు వరసలో దాచుకోవడం క్షేమం. ఇది ఎవరూ జోకుగా వేయలేదు, అయినా దశాబ్దాలుగా మనందరి మీదా పేలుతూనే ఉంది.

ఇక భాష. ఆర్‌ఎఫ్‌సీల్లో "చేసి తీరాలి", "చేయడం మంచిది", "చేస్తే చేయొచ్చు" అన్న మాటలకి 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 కచ్చితమైన అర్థాలు కట్టింది. మధ్యదే చిక్కు. సరైన కారణం ఉంటే మానేయొచ్చు, కానీ మానేస్తే ఏమవుతుందో పూర్తిగా తెలుసుకుని మానేయాలి అని దానర్థం. అమలు చేసేవాళ్ళు మాత్రం దాన్ని "తీరిక ఉంటే చూద్దాం" అని చదువుకుంటారు. 2013 ఏప్రిల్ 1న వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6919 ఈ కపటాన్ని బయటపెడుతూ కొత్త మాటలు ప్రతిపాదించింది. "చేసి తీరాలి (మీరు చేయరని మాకు తెలుసు)" అన్నది అందులో మొదటిది. ఏదైనా స్పెసిఫికేషన్ రాస్తున్నప్పుడు ప్రతి "తీరాలి" పక్కనా ఈ కుండలీకరణం పెట్టి చదువుకుని చూడండి. వాక్యం నిజమనిపిస్తే ఆ నియమాన్ని ఎవరు ఎలా తనిఖీ చేస్తారో మీరు రాయలేదన్నమాట.

2003 ఏప్రిల్ 1న స్టీవెన్ బెల్లోవిన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 3514 ఈ కోవలో రారాజు. ఐపీ హెడర్లో వాడకుండా వదిలేసిన బిట్టు ఒకటుంది, ఎప్పుడూ సున్నా ఉండాలని నియమం. దాన్ని ఈవిల్ బిట్, అంటే చెడ్డ బిట్టు, చేద్దామన్నాడు. దురుద్దేశంతో పంపే ప్యాకెట్టులో పంపినవాళ్ళు దాన్ని 1 చేయాలి. ఫైర్‌వాల్ 1 ఉన్నవాటిని పారేయాలి. భద్రత సమస్య పరిష్కారం. దొంగ తలుపు తట్టి "నేను దొంగని, లోపలికి రానా" అని అడుగుతాడన్న భరోసా మీద కట్టిన ఇల్లు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో దీన్ని అదే రోజు కోడ్ రాసి చేర్చారు, మర్నాడు తీసేశారు.

నవ్వేసి వదిలేసే ముందు డూ నాట్ ట్రాక్ సంగతి గుర్తు చేసుకోవాలి. 2009లో మొదలైన ఈ ప్రతిపాదన జోకు కాదు. బ్రౌజరు ప్రతి అభ్యర్థనతో పాటు "నన్ను వెంబడించొద్దు" అని ఒక అంకె పంపుతుంది. దాన్ని గౌరవించాలా వద్దా అన్నది వెంబడించేవాళ్ళ ఇష్టం. ఈవిల్ బిట్‌లో పంపేవాడి నిజాయితీ మీద ఆధారపడితే, ఇక్కడ అందుకునేవాడి నిజాయితీ మీద. 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 ఆ అంకెని ముందే ఆన్ చేసి ఇవ్వబోతే, ఇది వాడుకరి ఎంచుకున్నది కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదన్న వాదన లేచింది. ఆ బ్రౌజరు నుంచి వచ్చిన అంకెని అపాచీ అనే వెబ్ సర్వర్ చెరిపేసేలా ఒక మార్పు కూడా పడింది. 2019 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆ పని చూసే బృందాన్ని మూసేసింది. పదేళ్ళ చర్చలకి దొరికిన ఫలితం, 2003లో కొన్ని పేజీల జోకు ముందే చెప్పింది. అందుకే డిజైన్ సమీక్షల్లో "ఇది ఈవిల్ బిట్ కదా" అన్న నాలుగు ముక్కలకి ఇప్పటికీ అంత బరువు. పేజీలకొద్దీ అభ్యంతరం రాయక్కర్లేదు. అవతలివాడు అబద్ధమాడితే ఏమవుతుందో చెప్పలేదన్న సంగతి అందరికీ ఒక్కసారే అర్థమవుతుంది.

ఇంతవరకు జోకుల్ని మెచ్చుకున్నాను. వాటికి ఖర్చూ ఉంది. గీకులు ఒప్పుకోని సంగతి ఇదే.

1998లో లారీ మాసింటర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2324 కాఫీ యంత్రాలని నడిపే ప్రోటోకాల్. టీ కాచే పాత్రని కాఫీ చేయమంటే అది 418 అన్న లోపసంఖ్యతో "నేను టీ పాత్రని" అని జవాబివ్వాలి. నిజానికి అది వెబ్‌ని ఎగతాళి చేసిన జోకు. అప్పట్లో అందరూ వెబ్‌ని నడిపే ప్రోటోకాల్ హెచ్‌టీటీపీకి తమకి తోచిన తోకలు తగిలిస్తున్నారు. అలా తగిలిస్తే ఎంత వెర్రిగా ఉంటుందో చూపించడానికి రాసింది. కానీ ఆ టీ పాత్ర నోడ్, గో, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ సాధనాల లైబ్రరీల్లోకి వెళ్ళి కూర్చుంది. 2017లో హెచ్‌టీటీపీ కార్యబృందం అధ్యక్షుడు మార్క్ నాటింగ్‌హామ్ దాన్ని తీసేయమని ఆ ప్రాజెక్టులని అడిగాడు. వాదన సరైనదే. 400 నుంచి 499 దాకా ఉన్నవి వంద సంఖ్యలే, అవి ఉమ్మడి ఆస్తి, ఒకటి నవ్వుకి ఇచ్చేస్తే పనికి ఒకటి తగ్గుతుంది. టీ పాత్రని కాపాడాలంటూ ఉద్యమమే లేచింది. చివరికి 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110లో 418 ఎదురుగా "వాడుకలో లేదు" అని రాసి తాళం వేశారు. జోకుగా అన్నిచోట్లా పాతుకుపోయింది కాబట్టి ఇక దేనికీ పనికిరాదని కారణం కూడా చెప్పారు. గెలిచింది టీ పాత్రే అని గీకులు సంబరపడ్డారు. నా లెక్కలో ఓడిపోయింది ఒక సంఖ్య.

సర్వర్లు నడిపేవాళ్ళకి ఇందులో అచ్చమైన పని ఉంది. బాట్‌లని, అంటే తమంతట తామే సైట్లని అడిగే ప్రోగ్రాములని, తరమడానికి 418 ఇచ్చేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. పెద్ద ప్రమాదం లేదు, తెలియని 4 వరస సంఖ్య వస్తే 400గానే చూడాలని నియమం ఉంది. కానీ "మరీ ఎక్కువసార్లు అడిగావు" అనే 429 ఇచ్చి, ఎంతసేపాగి రావాలో రీట్రై-ఆఫ్టర్ హెడర్లో చెబితే మర్యాదున్న బాట్ వెనక్కి తగ్గుతుంది. 418 ఇస్తే దానికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. ఇంకా చెడ్డ అలవాటు, ఇంకా రాయని ఏపీఐకి తాత్కాలికంగా 418 పెట్టడం. 4 వరస అంటే తప్పు క్లయింటుదని అర్థం. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు గ్రాఫులో 4 వరస పెరగడం చూసి, మన తప్పు కాదులే అని పడుకుంటారు. అక్కడ ఉండాల్సింది 501, "ఇంకా కట్టలేదు" అని.

నవ్వు నాలుగు విధాల చేటు అన్న సామెత పుట్టింది లైసెన్సులు రాసేవాళ్ళ కోసమేనేమో. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2002లో జేసన్ అనే డేటా ఫార్మాట్ కోసం రాసిన తన కోడ్‌కి ఎమ్‌ఐటీ లైసెన్సు తీసుకుని ఒక్క వాక్యం కలిపాడు: ఈ సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకి కాదు. చదివితే పెదవి మీద నవ్వొస్తుంది. లాయరు చదివితే చెమట పడుతుంది. చెడు అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఆరో అంశం, ఏ రంగంలో వాడేవాళ్ళ మీదా వివక్ష ఉండకూడదంటుంది. కాబట్టి ఆ ఒక్క వాక్యంతో లైసెన్సు ఓపెన్ కాకుండా పోయింది. డెబియన్ అనే లినక్స్ పంపిణీ దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఒప్పుకోలేదు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో జేసన్ చదివే కోడ్‌లో ఈ లైసెన్సు ముక్క ఉండడంతో దానికి ప్రత్యామ్నాయం రాయాల్సి వచ్చింది, 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లో అదే చేరింది. 2016 నవంబరులో అపాచీ ఫౌండేషన్ ఆ లైసెన్సుని తన ప్రాజెక్టుల్లో వాడకూడని జాబితాలోకి మార్చింది. చెడు పనులకి వాడుకునే అనుమతి కావాలని ఐబీఎమ్ అడిగితే, కంపెనీకీ దాని కస్టమర్లకీ భాగస్వాములకీ కింకరులకీ ఇచ్చానని క్రాక్‌ఫర్డే సభల్లో నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆ నవ్వుకి మూల్యం మాత్రం అదే కోడ్‌ని మళ్ళీ రాసినవాళ్ళు కట్టారు.

గమనించండి, జేసన్ అనే ఫార్మాట్‌కి మచ్చ లేదు. ఎక్మా 404, ఆర్‌ఎఫ్‌సీ 8259 అనే చిన్న పత్రాల్లో అది అందరిదీ. చిక్కు ఆ పాత కోడ్ లైసెన్సుది మాత్రమే. లైసెన్సులకి పొట్టి గుర్తులిచ్చే ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఆ లైసెన్సు గుర్తు కూడా జేసన్ అనే ఉంటుంది. మీ ప్రాజెక్టు డిపెండెన్సీల (అది ఆధారపడే లైబ్రరీల) నివేదికలో లైసెన్సు అన్న నిలువు వరసలో ఆ మాట కనబడితే, స్కానరు ఫార్మాట్ పేరుని పొరపాటున అక్కడ వేసిందనుకుని దాటేయకండి. అది ఈ మంచీ చెడ్డా లైసెన్సే. దాన్ని ఏ లైబ్రరీ లాక్కొచ్చిందో చెట్టులో పైకి వెతికి, కొత్త కూర్పుకో వేరే లైబ్రరీకో మారడమే పద్ధతి.

స్పెసిఫికేషన్ మీద వేసిన జోకు ఒక రకం, మనిషి మీద వేసిన జోకు ఇంకో రకం. రెండోదాన్ని గీకు హాస్యమని పిలవడం నాకు ఇష్టం లేదు. కొత్తగా లినక్స్ పట్టుకున్నవాళ్ళు సందేహం అడిగితే, మూలం (రూట్ డైరెక్టరీ, గుర్తు స్లాష్) నుంచి అన్నీ చెరిపేసే ఆరెమ్ (rm) ఆజ్ఞని మందులా రాసిచ్చే పరాచికం ఎప్పటినుంచో ఉంది. ఇలాంటి ప్రమాదం జరక్కుండా 2006లో గ్నూ కోర్‌యుటిల్స్‌లో, అంటే ఆరెమ్ వంటి ఆజ్ఞల మూటలో, కాపలాయే పెట్టారు. ఒక్క స్లాష్ మాత్రమే ఇస్తే ఆరెమ్ ఇప్పుడు మొండికేస్తుంది. కానీ స్లాష్ పక్కన నక్షత్రం పెడితే కాపలా పనిచేయదు. ఆ నక్షత్రాన్ని విప్పేది షెల్, అంటే మనం కొట్టిన ఆజ్ఞని ముందుగా చదివే ప్రోగ్రాం. ఆరెమ్ చేతికి చేరేసరికి అవి విడివిడి డైరెక్టరీల పేర్లు, మూలం అన్నది దానికి కనిపించనే కనిపించదు. ఇలాంటి చెరిపే ఆజ్ఞ అయితే, ముందు దాని మొదట్లో ఎకో అని చేర్చి ఒకసారి కొట్టి చూస్తే షెల్ దేన్ని దేనిగా విప్పుతుందో తెరమీద కనబడుతుంది.

2018 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా చేదు. జ్ఞా అన్న మన అక్షరం ఐఫోన్లని కూల్చింది. కచ్చితంగా చెప్పాలంటే ఐదు సంకేతాల వరస: జ, పొల్లు, ఞ, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. ఐఓఎస్ 11.2.5లో ఈ వరస తెరమీద గీయబోతే ఆ యాప్ కుప్పకూలేది. జనం దాన్ని సందేశాల్లోనూ ప్రొఫైలు పేర్లలోనూ పెట్టి ఎదుటివాళ్ళ ఫోన్లతో ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి సరిచేసింది. యూనికోడ్ ఓపెన్ స్టాండర్డే, ఆ ఐదు సంకేతాలూ అందులో పద్ధతిగానే ఉన్నాయి. అక్షరాలని గీసే ఇంజిన్ మాత్రం మూసిన పెట్టె. కాబట్టి ఆసక్తి ఉన్నవాళ్ళు బయటనుంచి ఒక్కో వరసా ప్రయత్నించి, దేవనాగరిలోనూ బెంగాలీలోనూ కూడా ఇలా కూలేవి ఉన్నాయని ఊహించి పట్టుకోవాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ వాడే ఓపెన్ ఇంజిన్ హార్ఫ్‌బజ్‌లో ఇలాంటిది దొరికితే ఏ వరసలో ఏ షరతు తప్పిందో ఎవరైనా తెరిచి చూడగలరు. పావురం పరీక్షని ఇక్కడ పెట్టినా ఫలితం అదే: తలుపు ఎక్కడ మూసి ఉందో అది చూపించింది.

మరి మంచి జోకు ఎలా రాయాలి? ఏప్రిల్ 1 ఆర్‌ఎఫ్‌సీ రాయదలిస్తే రెండు వారాల ముందైనా సంపాదకులకి పంపాలి. చివరి నిమిషంలో తట్టిన మాట అక్కడ చెల్లదు. రూపం ఆర్‌ఎఫ్‌సీదే ఉండాలి, గడుల కొలతలు సరిపోవాలి, భద్రత గురించిన విభాగం ఉండాలి. వింత ఒక్కటే ఉండాలి, మిగతాదంతా ఆ వింతని నిజమని నమ్మి తర్కంగా సాగాలి. 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2549 పావురాలకి కాంకార్డ్, ఫస్ట్, బిజినెస్, కోచ్ అని సేవా తరగతులు పెట్టింది. బాగుంది కానీ అసలుదాని ముందు తేలిపోతుంది, ఎందుకంటే వింత మీద వింత పేర్చింది. ముఖ్యంగా, ఉమ్మడి జాబితాలో నిజమైన చోటుని ఆక్రమించకూడదు.

ఈ చివరి నియమాన్ని అందరికంటే ముందే, అందరికంటే అందంగా పాటించింది మార్క్ క్రిస్పిన్. 1978 ఏప్రిల్ 1 నాటి ఆర్‌ఎఫ్‌సీ 748లో, దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ప్రోటోకాల్ టెల్నెట్‌కి కొత్త సదుపాయం ప్రతిపాదించాడు. అవతలి యంత్రం ఇష్టమొచ్చినప్పుడు డేటా పోగొట్టుకోవడానికి ముందే అనుమతి అడిగి తీసుకుంటుంది. పత్రం మొత్తం మిగతా టెల్నెట్ పత్రాల మూసలోనే ఉంటుంది. ఆ సదుపాయానికి ఇచ్చిన సంఖ్య 256. టెల్నెట్‌లో సదుపాయం సంఖ్యకి కేటాయించింది ఒక్క బైటు, అందులో 255 దాకానే పడుతుంది.